పేరు ముందు "డాక్టర్", పేరు వెనక ఏముంది?

(మన దేశంలో వైద్య వృత్తుల బిరుదులు, వాటి చట్టాల గురించి అనుబంధ వైద్య వృత్తుల విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలవడానికి ఫోన్ చేసిన పిల్లలు ఒక్కటే అడిగారు. "మేడమ్, ఫిజియోథెరపిస్టు పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా, కూడదా? మీరు స్టేజీ మీద తేల్చి చెప్పాలి" అని. తేల్చే చెబుతాను. ముందు మాత్రం నా సంగతి ఒకటి వినాలి. ఈ బిరుదుల చిక్కు నాకు మొదటిసారి అర్థమైంది నా బల్ల మీదున్న నేమ్‌ప్లేటు దగ్గరే.

నేను చదివింది ఎండీ జనరల్ మెడిసిన్. జ్వరాలు, షుగరు, బీపీ, గుండె, ఊపిరితిత్తులు చూస్తాను. కత్తి పట్టను. కానీ సర్కారు ఉద్యోగంలో చేరిన రోజు నాకు ఇచ్చిన హోదా పేరు "సివిల్ అసిస్టెంట్ సర్జన్". మన తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ వైద్యుడు ఎక్కే మొదటి మెట్టుకు అదే పేరు. తెల్లవాళ్ళ కాలం నుంచి వస్తోంది. నేను చేరిన నెలలోనే ఒకాయన, వ్యవసాయ కూలీ, పొద్దున ఏడింటి నుంచి నా ఓపీ లైన్లో నిలబడి పన్నెండున్నరకు నా ముందు కూర్చున్నాడు. హెర్నియా. ఆపరేషన్ ఎప్పుడు చేస్తావమ్మా అన్నాడు. నేను చెయ్యను బాబూ, ఆ గదిలో సర్జన్ గారు చేస్తారు అన్నాను. ఆయన తలుపు మీది బోర్డు చూపించాడు. "మా వాడు చదివి చెప్పాడమ్మా, సర్జనని ఉందంటగా." నిజమే, ఉంది. అప్పటికి అసలు సర్జన్ ఓపీ ముగించి థియేటర్‌లోకి వెళ్ళిపోయారు. ఆయన మళ్ళీ ఇంకో రోజు కూలి పోగొట్టుకుని రావాల్సి వచ్చింది.

అందులో ఎవరూ మోసం చెయ్యలేదు. నేను అబద్ధం చెప్పలేదు, ప్రభుత్వం దొంగ బిరుదు ఇవ్వలేదు. అయినా ఒక పేదవాడి రోజు పోయింది, ఒక మాట వల్ల. అప్పటి నుంచీ నాకు ఒకటే అనిపిస్తుంది. బిరుదు మనం చదివిన చదువుకి బహుమానం అనుకుంటాం. తలుపు బయట నిలబడ్డ మనిషికి అది దారి చూపే బోర్డు. ఎడమకి పోవాలా, కుడికి పోవాలా అని ఆయన దాన్ని చూసే నిర్ణయించుకుంటాడు.

ఇంకో మాట చూడండి, ఆర్‌ఎంపీ. చట్టం పుస్తకంలో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో పేరున్న డాక్టరు. జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నియమావళి పేరులోనే ఈ మాట ఉంది. ఆ లెక్కన నేను ఆర్‌ఎంపీని. మరి మన ఊళ్ళల్లో ఆర్‌ఎంపీ అంటే ఎవరు? ఏ రిజిస్టరులోనూ పేరు లేనాయన! రూరల్ మెడికల్ ప్రాక్టీషనర్ అని విప్పి చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. మూడక్షరాలు ఎక్కడ బయలుదేరి ఎక్కడ తేలాయో చూశారా? "రిజిస్టరైనవాడు" అనే మాట తలకిందులై "రిజిస్టరు కానివాడు"గా స్థిరపడింది, ఎవరూ ఆపలేదు.

ఊరి ఆర్‌ఎంపీని తిట్టడానికి నేను రాలేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే, అప్పు పెట్టి మందు ఇచ్చేదీ ఆయనే. నూట ఎనిమిది రాకముందు, పీహెచ్‌సీలు సరిగా లేని రోజుల్లో ఊరికి ఉన్న ఆసరా ఆయనొక్కడే. కానీ ఆ ఆసరా పేరేమిటో ఊరికి తెలియాలి.

ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చింది. మోకాళ్ళ నొప్పులు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, చేతుల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడి, ఎక్కడ ముట్టుకుంటే అక్కడ నల్లగా కమిలింది. షుగరు మూడొందలు దాటింది, అంతకు ముందు షుగరే లేదట. చూడగానే తెలిసిపోయింది, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పడ్డాయని. ఎవరు వేశారమ్మా అంటే "డాక్టరుగారే" అంది. ఏ డాక్టరు? "మా డాక్టరు." చీటీ ఉందా? కొంగు ముడి విప్పి తీసింది. నాలుగు మడతల కాగితం, పైన "డా." అని, పేరు, కింద ప్రథమ చికిత్సా కేంద్రం అని రబ్బరు ముద్ర. నంబరు లేదు, డిగ్రీ లేదు. ఆవిడ ఎనిమిదేళ్ళు తాను డాక్టరు దగ్గరే వైద్యం చేయించుకుంటున్నానని నమ్మింది. ఆవిడ కొడుకు కూడా "అమ్మను డాక్టరుకు చూపిస్తూనే ఉన్నామండీ" అన్నాడు.

ఈ "చూపించాం" అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. మన ఇళ్ళల్లో ఎవరికైనా బాగోకపోతే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "డాక్టరుకు చూపించారా?" చూపించాం అంటే ఇక ఆ విషయం అయిపోయినట్టే. రెండు వారాలు, మూడు వారాలు ఎవరూ ఇంకేమీ అడగరు. అందుకే "డాక్టర్" అనే మాటకు ఖరీదు ఉందంటున్నాను. ఆ ఖరీదు రోజుల్లో కట్టాలి. నడుం నొప్పి అని వచ్చినవాళ్ళలో ఎక్కడో ఒకరికి అది వెన్నుపూసకు పట్టిన క్షయ కావచ్చు, ఇంకొకరికి ఎక్కడి నుంచో పాకిన క్యాన్సర్ కావచ్చు. "చూపించాం" అనుకుని కూర్చున్న మూడు వారాల్లో కాళ్ళు పడిపోయినవాళ్ళను నేను చూశాను.

చట్టం ఏమంటోంది? చట్టం లేదనుకునేరు, 1916 నుంచీ ఉంది. ఇండియన్ మెడికల్ డిగ్రీస్ చట్టం. పాశ్చాత్య వైద్యంలో డిగ్రీ లేకుండానే ఉన్నట్టు తోచే బిరుదు పేరుకు తగిలించుకుంటే శిక్ష. ఎంతో తెలుసా? రెండొందల యాభై రూపాయల దాకా జరిమానా. రెండోసారి దొరికితే ఐదొందలు. ఆనాటికి అది పెద్ద మొత్తమే. ఇవాళ ఆ బోర్డుకు పెయింటు వేయించడానికే అంతకంటే ఎక్కువవుతుంది. తర్వాత 1956 మెడికల్ కౌన్సిల్ చట్టంలో రిజిస్టరు కానివాడు వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అన్నారు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్‌లో జరిమానాను ఐదు లక్షల దాకా పెంచారు, ఏడాది జైలు అలాగే ఉంచారు. కాగితం మీద బాగానే ఉంది.

సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన ఒక తీర్పు మీలో ప్రతి ఒక్కరూ చదవాలి. బొంబాయిలో ఒకాయనకు జ్వరం వస్తే, హోమియోపతి చదివిన డాక్టరు అల్లోపతి మందులు ఇచ్చాడు. మొదట వైరల్ జ్వరమన్నాడు, తర్వాత టైఫాయిడ్ అన్నాడు. మనిషి చనిపోయాడు. ఆ డాక్టరు దొంగ డాక్టరు కాదు, హోమియోలో రిజిస్టరు అయినవాడే. అయినా కోర్టు ఏమందంటే, ఒక వైద్య విధానం తెలియకుండా ఆ విధానంలో వైద్యం చేసేవాడు ఆ మేరకు నకిలీ వైద్యుడి కిందే లెక్క అంది. భార్యకు మూడు లక్షల పరిహారం ఇప్పించింది. అంటే డాక్టరా కాదా అన్నదొక్కటే కాదు ప్రశ్న. దేనిలో డాక్టరు? కోర్టు అడిగింది అది.

నిజానికి ఆ ప్రశ్న మన తెలుగువాళ్ళు ఎప్పుడో వేసుకున్నారు. పళ్ళ డాక్టరు, కళ్ళ డాక్టరు, ఎముకల డాక్టరు, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు, హోమియో డాక్టరు. ముందు ఏమిటో చెప్పి తర్వాత డాక్టరంటాం. పశువుల డాక్టరు ఐదున్నరేళ్ళు చదివి దర్జాగా డాక్టర్ అని బోర్డు పెట్టుకుంటారు. ఎవరైనా పొరపాటున బిడ్డను ఆయన దగ్గరికి తీసుకెళ్ళారా? తీసుకెళ్ళరు. పీహెచ్‌డీ చేసిన తెలుగు లెక్చరర్ గారిని డాక్టర్ అని సన్మానపత్రంలో రాస్తాం, ఆయనకెవరూ నాడి చూపించరు. అసలు డాక్టర్ అన్న మాట లాటిన్‌లో "బోధించు" అనే ధాతువు నుంచి వచ్చింది, మొదట అది పంతుళ్ళదే. నేను చదివిన ఎంబీబీఎస్ కూడా పేరులో బ్యాచిలర్ డిగ్రీయే, బీఏ, బీఎస్సీల్లాగే. మాకు డాక్టరనే పిలుపు మర్యాద కొద్దీ వచ్చింది. ఆ మాట మా వృత్తి తాతల నాటి ఆస్తి అని నాతోటి డాక్టర్లు వాదిస్తే నేను ఒప్పుకోను. అయితే ఆ మాట ఒంటరిగా నిలబడ్డప్పుడు, పక్కన ఇంకే మాటా లేనప్పుడు, రోగి దాన్ని "మందులిచ్చే డాక్టరు" అనే అర్థం చేసుకుంటాడు. ప్రమాదమంతా ఆ ఒంటరితనంలో ఉంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను.

2021లో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. పది వర్గాలు, యాభైకి పైగా వృత్తులు. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, కంటిచూపు పరీక్షించే ఆప్టోమెట్రీ, ల్యాబ్, రేడియాలజీ టెక్నాలజీ, డయాలసిస్, డైటెటిక్స్, ఇన్నాళ్ళూ ఇంటి పేరు లేకుండా బతికిన వృత్తులన్నిటికీ మొదటిసారి దేశమంతటికీ ఒక రిజిస్టరు ఉండాలంది. 2025లో ఆ కమిషన్ విడుదల చేసిన ఫిజియోథెరపీ పాఠ్య ప్రణాళికలో పేరు ముందు డాక్టర్, పేరు వెనక పీటీ అని పెట్టుకోవచ్చన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ నుంచి, వాళ్ళు డాక్టర్ అని పెట్టుకోకూడదు, 1916 చట్టానికి విరుద్ధం అని ఉత్తరం వచ్చింది. మర్నాడు, సెప్టెంబరు 10న, ఇంకా పరిశీలించాలి, నిన్నటి ఉత్తరం ఉపసంహరించుకున్నట్టు భావించండి అని ఇంకో ఉత్తరం. ఒక్క రాత్రిలో! ఆ రెండు రోజులు మీ వాట్సాప్ గ్రూపులు, మా వాట్సాప్ గ్రూపులు ఎలా మండాయో నాకు తెలుసు. మావాళ్ళు రాసిన కొన్ని మాటలు చదివి నేను సిగ్గుపడ్డాను. నాలుగున్నరేళ్ళు చదివి, ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న మనిషి ఊపిరితిత్తుల్లోంచి కఫం కదిలించే పిల్లలను పట్టుకుని "మసాజ్‌వాళ్ళు" అనడం తప్పు. అది వాదన కాదు.

నా జవాబు ఇదీ. రాసుకోండి. కానీ ఒంటరిగా రాయకండి. పేరు ముందు డాక్టర్ ఎంత అక్షరాల్లో ఉందో, పేరు కింద "ఫిజియోథెరపిస్ట్" అంతే అక్షరాల్లో, తెలుగులో ఉండాలి. పీటీ సరిపోదు. మన జనానికి పీటీ అంటే బళ్ళో డ్రిల్లు చేయించే మాస్టారు. ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలు చట్టానికి సమాధానం చెబుతాయేమో గానీ, నడుం పట్టుకుని మెట్లెక్కి వచ్చినాయనకు ఏమీ చెప్పవు. నోటితో కూడా చెప్పాలి. "నేను ఫిజియోథెరపిస్టునండీ" అని మొదటి వాక్యంలోనే. ఆ వాక్యం చెప్పడానికి ఎవరికైనా చిన్నతనంగా అనిపిస్తే, ఆ బాధను డాక్టర్ అనే మాట తీర్చలేదు.

ఇక్కడ కొందరు మొహాలు ముడుచుకున్నాయి, కనిపిస్తోంది. కాబట్టి మా ఇంటి సంగతీ చెబుతాను.

మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళి ఇప్పటికీ అమల్లో ఉంది. 2023లో కొత్తది తెచ్చారు, అందులో మేము "మెడ్ డాక్టర్" అని రాసుకోవాలనే ఆలోచన కూడా ఉంది. మూడు వారాలకే దాన్ని పక్కన పెట్టి పాతదే అమలు చేశారు. ఆ పాత నియమావళిలో ఏముంది? క్లినిక్‌లోనూ, మందుల చీటీ మీదా, రసీదు మీదా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. గుర్తింపు ఉన్న డిగ్రీలు, వృత్తి జ్ఞానాన్నిచ్చే సర్టిఫికెట్లు, సభ్యత్వాల్లాంటివి తప్ప పేరు వెనక పెట్టకూడదు. ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదు. బోర్డు మరీ పెద్దదిగా ఉండకూడదని కూడా ఉంది. ఇప్పుడు ఇక్కడి నుంచి మీ బస్టాండు దాకా నడవండి, బోర్డులు చదవండి. ఎంబీబీఎస్ తర్వాత ఎన్ని అక్షరాలు! మూడు శని, ఆదివారాలు ఆన్‌లైన్‌లో విన్న కోర్సు ఎండీ పక్కన ఎండీ అంత లావున కూర్చుంటుంది. "షుగర్ స్పెషలిస్ట్", "గుండె స్పెషలిస్ట్" అని, చదివింది మాత్రం ఎంబీబీఎస్. చాలామంది మంచివాళ్ళే, వైద్యం కూడా తెలిసినవాళ్ళే. కానీ ఆ బోర్డు చదివి లోపలికొచ్చే మనిషికి ఏ అక్షరం మూడేళ్ళ చదువో, ఏది మూడు వారాలదో ఎలా తెలుస్తుంది? మేము ఫిజియోథెరపిస్టుల పేరు ముందు రెండక్షరాల మీద కోర్టుకు వెళతాం, మా పేరు వెనక ఇరవై అక్షరాల మీద నోరెత్తం.

జుట్టు నాటడం, కొవ్వు తీయడం, ముఖానికి మెరుగులు పెట్టడం, ఇక్కడైతే పరిస్థితి ఇంకా ఘోరం. ఆస్ట్రేలియాలో ఇలాగే మామూలు మెడికల్ డిగ్రీ ఉన్న ఎవరైనా "కాస్మెటిక్ సర్జన్" అని పెట్టుకునేవారు. ఆపరేషన్లు వికటించి జనం బాధలు బయటికొచ్చాక, 2023లో చట్టం మార్చారు. శస్త్రచికిత్సలో గుర్తింపు ఉన్న ప్రత్యేక శిక్షణ పొందినవాళ్ళు తప్ప డాక్టర్లు కూడా సర్జన్ అనే మాట వాడకూడదు, వాడితే నేరం. చూడండి, వాళ్ళు కాపాడింది డాక్టర్ అనే మాటను కాదు, సర్జన్ అనే మాటను. ఎందుకంటే రోగి నమ్మి కత్తి కింద పడుకునేది ఆ మాటను చూసి. మన దేశంలో అలాంటి ఏర్పాటు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. వస్తే మా సర్కారువారి "సివిల్ అసిస్టెంట్ సర్జన్" కూడా పోవాలి మరి. పోనివ్వండి.

ఇంకో వైపు నుంచి చూద్దాం. బిరుదుకు రక్షణ ఉంటే రోగికే కాదు, చదువుకున్నవాడికీ మేలే. ఇక్కడ ఆప్టోమెట్రీ పిల్లలున్నారు కదా, మీకోసం చెబుతున్నాను. నాకు తెలిసిన రిటైర్డ్ టీచరు ఒకాయన నాలుగేళ్ళలో మూడుసార్లు కళ్ళద్దాలు మార్చారు. ప్రతిసారీ "కళ్ళ డాక్టరే చూశారు" అనేవారు. ఒకరోజు నా ఎదురుగా కూర్చుని, కప్పు తీసుకోబోతూ పక్కకి తగిలించి కింద పడేశారు. పక్క చూపు పోయింది. నీటికాసులు, గ్లాకోమా. కంట్లో ఒత్తిడి ఎన్నడూ కొలవలేదు. ఆరా తీస్తే ఆ కళ్ళద్దాల షాపులో కూర్చున్నది కంటి డాక్టరూ కాదు, ఆప్టోమెట్రిస్టూ కాదు. షాపులో పని చేస్తూ మెషీన్ తిప్పడం నేర్చుకున్న కుర్రాడు. అతని స్థానంలో నాలుగేళ్ళు చదివిన ఆప్టోమెట్రిస్టు ఉండి ఉంటే ఒత్తిడి కొలిచేవారు, అనుమానం వచ్చి ఆసుపత్రికి పంపేవారు, ఆయన చూపు మిగిలేది. పోయిన చూపు తిరిగి రాదు. "ఆప్టోమెట్రిస్ట్" అనే మాటకు చట్టం కంచె వేసి ఉంటే, ఆ కంచె అవతల ఎవరున్నారో టీచరు గారికి తెలిసేది. మీరు డాక్టర్ అనే మాట కోసం పెట్టే పోరులో సగం మీ సొంత పేరుకు కంచె వేయించుకోవడానికి పెట్టండి. కౌన్సెలర్ అనే మాట సంగతి కూడా ఇంతే. క్లినికల్ సైకాలజిస్టుకు 1992 చట్టం కింద పునరావాస కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్ అని మాత్రం ఎవరు పడితే వాళ్ళు బోర్డు పెట్టేస్తున్నారు.

గౌరవం సంగతి నేను తప్పించుకోను. కేంద్రం 2016లో స్టాఫ్ నర్సు పేరును నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చింది. మా వార్డులో ఒక సీనియర్ సిస్టర్‌ని అడిగాను, ఏమైనా మారిందా అని. "డ్యూటీ రోస్టరు మీద పేరు మారింది మేడమ్, రాత్రి నలభై మంది రోగులకు ఇద్దరమే" అంది. ఆ జవాబు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఫిజియోథెరపిస్టుకు ప్రైవేటు ఆసుపత్రిలో ఇచ్చే జీతం ఎంతో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. డాక్టర్ అనే మాట అంత గట్టిగా పట్టుకోవడం వెనక ఆ జీతం ఉంది, రౌండ్లలో మీరు చెప్పింది వినకుండా పోయే మా తొందర ఉంది. దానికి బాధ్యులం మేమే. ఆ అప్పు రోగి దగ్గర వసూలు చేసుకోకండి, మా దగ్గర చేసుకోండి.

ఇక అడగాల్సినవి అడుగుదాం. 2021 చట్టం ప్రకారం రాష్ట్రాల్లో కౌన్సిళ్ళు పెట్టడానికి ఎంత ఆలస్యం చేశారంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నీ రెండు నెలల్లో అమలు చేయాలని చెప్పాల్సి వచ్చింది. రిజిస్టరు లేకుండా బిరుదుల గురించి కొట్టుకోవడం, తాళం లేని ఇంటికి కాపలా ఎవరని కొట్టుకోవడమే. మీ సంఘాలు ముందు రిజిస్టరు అడగాలి. అందరి పేర్లూ, చదువూ, నంబరూ ఫోన్లో వెతికితే కనపడాలి. మెడికల్ కౌన్సిల్ రిజిస్టరు ఇప్పటికే అలా వెతకొచ్చు. ఎంతమంది రోగులకు ఆ సంగతి తెలుసు? ప్రతి ఆసుపత్రి ఓపీ గోడ మీద తెలుగులో రాయాలి, చీటీ మీద ఈ నంబరు ఉండాలి, ఇక్కడ సరిచూసుకోండి అని. నర్సులైనా, టెక్నీషియన్లైనా, ప్రొఫెసర్లైనా మెడలో వేసుకునే కార్డు మీద వృత్తి పేరు తెలుగులో, మంచం మీద పడుకున్న మనిషికి కనపడేంత అక్షరాల్లో ఉండాలి. ఇప్పుడున్న కార్డుల మీద అన్నిటికంటే పెద్దగా ఉండేది ఆసుపత్రి లోగో.

ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను. పోయినేడు మా వార్డులో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూడో రోజు ఫిజియోథెరపీ కుర్రాడు వచ్చాడు. నేను పక్క మంచం దగ్గరున్నాను, నన్ను చూడలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని, పెద్దాయన కళ్ళ ఎత్తుకు కూర్చుని అన్నాడు, "తాతగారూ, నేను ఫిజియోథెరపిస్టునండీ. మందులు నేను రాయను, అవి మేడమ్‌గారే రాస్తారు. మీ కాలికి మళ్ళీ పని నేర్పించడం నా చదువు. నొప్పైతే చెప్పండి, ఆపేస్తాను." పెద్దాయన ఏమీ అనలేదు, మాట ఇంకా తడబడుతోంది. మర్నాడు పొద్దున నేను రౌండ్లకు వెళితే కూతురు నవ్వుతూ చెప్పింది. తెల్లవారుజాము నుంచి అడుగుతున్నాడట, నడిపించే డాక్టరు ఇంకా రాలేదేమని.

పదకొండో రోజున ఆయన గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్ళొచ్చారు.

ప్రశ్నలుంటే అడగండి.